ముందు బ్రేకులు ఇంట్లో మార్చుకోవచ్చా, వద్దా?

కూకట్‌పల్లి నుంచి:
మా కారు 62 వేల కిలోమీటర్లు తిరిగింది. వారం నుంచి బ్రేక్ నొక్కితే ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమంటోంది. సర్వీస్ సెంటర్‌లో ముందు ప్యాడ్లు అయిపోయాయని, లేబర్‌తో కలిపి 5,400 అవుతుందని చెప్పారు. అవే ప్యాడ్లు నాకు రాణీగంజ్‌లో 1,900కి దొరికాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే మార్చుకుందామనుకుంటున్నాను. మా బావమరిది మాత్రం ఇంకేదైనా చేసుకో, బ్రేకుల జోలికి పోవద్దు అంటున్నాడు. మీరేమంటారు?

మల్కాజిగిరి నుంచి:
చేసుకోండి. పదకొండేళ్లుగా మా కారుకి నేనే మారుస్తున్నాను. చక్రం ఊడదీశాక, చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని ప్యాడ్లతో రెండు వైపులా నొక్కి పట్టే క్యాలిపర్ కనిపిస్తుంది, దాని వెనక రెండు బోల్టులుంటాయి. చాలా కార్లలో కింది బోల్టు ఒక్కటి తీస్తే క్యాలిపర్ తలుపులా పైకి లేస్తుంది. పాత ప్యాడ్లు బయటికి లాగి, సి-క్లాంప్‌తో (మర తిప్పి బిగించే ఇనుప పట్టు) ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌ని నిదానంగా క్యాలిపర్ లోపలికి నెట్టాలి. అప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పెరుగుతుంది, ఒక కన్ను దాని మీద ఉంచండి. పొంగి బాడీ మీద పడితే పెయింట్ పోతుంది. మార్చేటప్పుడు రెండు వైపులా మార్చాలి, ఒక వైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది. మొదటిసారి నాకు మూడు గంటలు పట్టింది, ఇప్పుడు గంటంపావు.

ముషీరాబాద్ షెడ్డు:
తమ్ముడూ, 24 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పని కష్టం కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. మరిచిపోయే చిన్న విషయాలే భయం. పోయినేడు ఒకాయన ప్యాడ్లు చక్కగా వేసుకున్నాడు, నట్లు బిగించాడు, రివర్స్‌లో సెల్లార్ నుంచి తీశాడు. బ్రేక్ నొక్కితే పెడల్ నేలకంటింది. పిస్టన్ లోపలికి నెట్టిన తర్వాత బండి కదలక ముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి, అదొక్కటీ చేయలేదు. డిక్కీ పిల్లర్‌కి తగిలింది. వెనక పిల్లలు ఆడుకుంటూ ఉంటే? ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ గుండె జారుతుంది.

ఇంకొకరు క్యాలిపర్‌ని బ్రేక్ పైపుకే వేలాడదీసి టీ తాగడానికి వెళ్లారు. పైపు లోపల దెబ్బతింటే పైకి కనపడదు. క్యాలిపర్‌ని తీగతో స్ప్రింగ్‌కి కట్టాలి.

సైనిక్‌పురి నుంచి:
మీరందరూ మీ డబ్బు, మీ కారు అంటున్నారు. మీ కారు ముందు స్కూటీ మీద వెళ్లేది నేను, నా వెనక మా అమ్మాయి. ఆగడంలో ఎక్కువ పని చేసేది ముందు బ్రేకులే. నేర్చుకోవాలనుంటే నేర్చుకోండి, కానీ నేర్చుకున్న పనిని తెలిసినవాళ్లు ఒకసారి చూడకుండా బండిని రోడ్డెక్కించకండి.

మల్కాజిగిరి నుంచి:
అమ్మా, మీరన్నది న్యాయం. అయితే షాపులో చేయిస్తే భద్రం అనుకోవడమూ పొరపాటే. నేను సొంతంగా మొదలుపెట్టిందే అందుకు. ఒక చోట ప్యాడ్లు మార్చారు కానీ క్యాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు శుభ్రం చేయలేదు, గ్రీజు పెట్టలేదు. తొమ్మిది నెలల్లో లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగి డిస్క్‌ని గీకేసింది. సొంత బండి అయితే ఆ పిన్ను తీసి చూస్తాం. దానికి వేడికి కరగని సిలికాన్ గ్రీజే వాడాలి, ప్యాడ్ ముఖానికి చుక్క కూడా అంటకూడదు.

ముషీరాబాద్ షెడ్డు:
ఆ మాట నిజమే, హడావుడిలో పిన్నులు వదిలేసేవాళ్లు మాలో ఉన్నారు. తమ్ముడూ, జాకీ ఒక్కదాన్నే నమ్మి చేతులు లోపల పెట్టకు, స్టాండ్ వెయ్యి. సెల్లార్‌లో నీళ్లు పోవడానికి నేల వాలుగా ఉంటుంది, చదునైన చోటు చూసుకుని వెనక చక్రాలకు అడ్డం పెట్టు. డిస్క్ అంచు మీద కనీస మందం రాసి ఉంటుంది, అంతకన్నా తగ్గితే ప్యాడ్లు మార్చి లాభం లేదు. పెడల్ మెత్తగా ఉన్నా, ఆయిల్ కారుతున్నా విప్పకుండా నా దగ్గరికో ఇంకొకరి దగ్గరికో పట్టుకురా.

కూకట్‌పల్లి నుంచి:
ఆదివారం ఎడమ చక్రం విప్పాను. బయటి ప్యాడ్ 6 మిల్లీమీటర్లుంది, లోపలిది 2 కూడా లేదు. కింది పిన్ను తుప్పుపట్టి ఎంత లాగినా కదల్లేదు. ఇక ముందుకు పోకుండా అన్నీ ఉన్నవి ఉన్నట్టు బిగించి, నెమ్మదిగా ముషీరాబాద్ అన్న షెడ్డుకి తీసుకెళ్లాను. ఎడమది ఆయనే పిన్ను ఊడదీసి, కొత్త రబ్బర్లు వేసి చేశాడు. కుడిది ఆయన పక్కన నిలబడగా నేను చేశాను. అంతా బిగించాక బండి కదిలించబోతే కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆపాడు. పెడల్ నొక్కాను. మొదటిసారి నేలకంటింది, అయిదోసారికి గట్టిపడింది.