దిగుమతుల దెబ్బకు పని పోయినవాళ్లకు ప్రభుత్వం విడిగా సాయం చెయ్యాలా?

బ్రాడీపేట నాలుగో లైను:

బంగ్లాదేశ్ గోతం చవకగా దిగితే ఇక్కడ జూట్ మిల్లులో షిఫ్టులు తగ్గుతాయి. చైనా బట్ట దిగితే మగ్గాలు ఆగుతాయి. ఏ సరుకును సుంకం లేకుండా రానివ్వాలో తేల్చేది కేంద్రం. గోతం కొన్న ప్రతివాడికీ రూపాయో రెండో మిగులుతుంది, మిల్లులో పనిచేసినవాడికి జీతమంతా పోతుంది. నిర్ణయం ప్రభుత్వానిదైనప్పుడు ఆ కార్మికుడిని విడిగా ఆదుకోవాల్సిందీ ప్రభుత్వమే అని నా వాదన.

ఇదేం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో కెనెడీ హయాంలో, 1962 వాణిజ్య చట్టంతోనే మొదలుపెట్టారు. తర్వాత తర్వాత ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టుకున్నా విచారించేవారు. దిగుమతుల వల్లే పని పోయిందని తేలితే వేరే పని నేర్పించడం, నేర్చుకునేటప్పుడు వారం వారం భత్యం. యాభై దాటినవాళ్లు తక్కువ జీతానికి ఇంకోచోట చేరితే, పాత జీతానికీ కొత్తదానికీ తేడాలో సగం రెండేళ్లపాటు కలిపేవారు, మొత్తం 10,000 డాలర్లు మించకుండా. మన దగ్గర ఎందుకు ఉండకూడదు?

యార్డు గుమాస్తా:

అక్కడే లేదిప్పుడు. కొత్త అర్జీలు విచారించడం 2022 జులై 1 నుంచి ఆపేశారు. పైగా 1962లో చట్టం తెచ్చాక 1969 దాకా ఒక్క అర్జీ కూడా పాస్ కాలేదు. సుంకాలు తగ్గించడమే ప్రధాన కారణమని రుజువు చెయ్యమన్నారు, ఎవరివల్లా కాలేదు. 1974లో నిబంధన సడలించాక గానీ డబ్బు పెద్దగా కదల్లేదు.

మరి గుంటూరులో ఆ రుజువు ఎవరు చేస్తారండీ? జూట్ మిల్లులు బంగ్లాదేశ్ వల్లే పోయాయా? ముప్పై నలభై ఏళ్లనాటి మగ్గాలు, కరెంటు బిల్లు, ప్లాస్టిక్ సంచి, వీటి సంగతేమిటి? 1987 జూట్ ప్యాకింగ్ చట్టం కింద ధాన్యం మొత్తం, పంచదారలో అయిదో వంతు గోతాల్లోనే నింపాలని ప్రభుత్వం మార్కెట్ కట్టిపెట్టింది కూడా. ఊరు పెరిగి మిల్లు స్థలాన్ని గజాల్లో లెక్కేసుకునే రోజు వచ్చాక ఏ యజమాని మగ్గం మారుస్తాడు? మూసెయ్యడానికి సాకు కావాలి, బంగ్లాదేశ్ దొరికింది.

నేను మిర్చి యార్డులో లెక్కలు రాసేవాణ్ని. టిక్కీ, అంటే మిర్చి బస్తా, కట్టే గోతం రైతే కొనుక్కొస్తాడు. దాని ధర పెరిగితే అతనికి ఏ పథకం పెడతారు?

బ్రాడీపేట నాలుగో లైను:

సాకే అయితే 2017 జనవరిలో కేంద్రం బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకుల మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవకగా దించే విదేశీ సరుకును అడ్డుకునే సుంకం, ఎందుకు వేసినట్టు? 2025 జూన్‌లో బంగ్లాదేశ్ జూట్ భూమార్గంలో రాకుండా ఆపి, ముంబై దగ్గరి నవా షేవా రేవు ఒక్కదాని గుండానే రానిచ్చారు. దెబ్బ ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కాదా? ఆ సుంకం డబ్బు ఖజానాలో కలుస్తోంది. అందులో కొంత పని పోయినవాళ్లకు కేటాయించమంటున్నా, అంతే.

పటమట ప్లీడరు:

ఇద్దరూ అమెరికా వెళ్లొచ్చారు, ఇక్కడ ఉన్నది ఒకసారి చూడండి.

పని తీసేస్తే ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం పాత చట్టంలోనూ ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్తగా వచ్చింది రీస్కిల్లింగ్ ఫండ్, అంటే వేరే పని నేర్చుకోవడానికి నిధి. పనిలోంచి తీసేసిన కార్మికుడి పేరున యజమాని మరో 15 రోజుల జీతం జమ చెయ్యాలి, 45 రోజుల్లో అది అతని ఖాతాలో పడాలి. పదిహేను రోజుల జీతంతో ఏ పని నేర్చుకుంటారో నన్నడక్కండి. అదే కోడ్‌లో, మూతకు ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన పరిమితి 100 మంది నుంచి 300 మందికి పెరిగింది. మన చుట్టుపక్కల మిల్లుల్లో పర్మనెంటు వాళ్లను లెక్కపెడితే ఎన్నిచోట్ల మూడొందలు దాటుతారు?

కార్మికుల బీమా ఈఎస్ఐ కింద 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పెట్టారు. చందా సరిగా కట్టినవాళ్లకు పని పోతే సగటు జీతంలో సగం, 90 రోజులు, జీవితంలో ఒక్కసారి. 1986లో బట్టల మిల్లుల కోసం ఇంతకంటే మంచి పథకం ఉండేది. మిల్లు శాశ్వతంగా మూతపడితే మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25. దాన్ని 2017లో వేరే పథకంలో కలిపేశారు. అందులో ఎక్కడా మిల్లు దిగుమతుల వల్ల మూతపడిందా అని అడగలేదు, గమనించండి.

మూత పరిహారం విషయంలో మన చట్టానికి ఒక తెలివి ఉంది. యజమాని చేతిలో లేని కారణంతో మూతపడితే పరిహారం మూడు నెలల జీతానికి మించక్కర్లేదు. కానీ నష్టాలొచ్చాయి, సరుకు అమ్ముడుపోక గోడౌన్లో ఉండిపోయింది అంటే ఆ కారణాలు చెల్లవని అదే సెక్షన్లో రాసి ఉంది. విదేశీ సరుకు దెబ్బ అంటే చాలావరకు ఇదే కదా! మీరు దిగుమతుల కారణాన్ని ప్రత్యేకంగా చట్టంలోకి తెస్తే, దాన్ని మొదట వాడుకునేది యజమాని వకీలు. నేను ఆ పక్షాన ఉంటే అదే చేస్తాను.

ప్రత్తిపాడు పత్తిచేను:

జూట్ వదలండి, పత్తి సంగతి చూడండి. 2021 బడ్జెట్లో విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం పడేలా చేశారు. 2022 మేలో క్యాండీ, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటింది. స్పిన్నింగ్ మిల్లులు మా వల్ల కాదని షిఫ్టులు కోసేశాయి. అప్పుడు పని పోయింది దిగుమతుల వల్లా, దిగుమతులు లేకపోవడం వల్లా? 2025 ఆగస్టు 19 నుంచి సుంకం ఎత్తేసి, ఏడాది చివరిదాకా అలాగే ఉంచారు. సరిగ్గా మా తొలి తీత మార్కెట్‌కు వచ్చేవేళకు! మిల్లు కార్మికుడికి మేలు చేసిన ఓడే మా ధరను ముంచింది. మాకెప్పుడూ అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఈ సాయం కార్మికుడికేనా, మాకూ ఉందా?

నైట్ షిఫ్ట్:

మీరందరూ కార్మికుడు అంటే ఎవరనుకుంటున్నారో నాకు అర్థం కావట్లేదు. నేను గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో ఎనిమిదేళ్లు చేశాను. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర తెగిన దారం అతకడం. రాత్రి పదకొండుకు వ్యాను ఎక్కిస్తారు, పొద్దున దిగేసరికి జుట్టంతా దూది. మిల్లు మారలేదు, ఫ్రేము మారలేదు, కాంట్రాక్టరు ముగ్గురు మారారు. పీఎఫ్‌కు మూడు నంబర్లు. ఒకడి దగ్గర ఈఎస్ఐ కార్డిచ్చారు, ఇంకొకడి దగ్గర జీతంలో కోసుకున్నారు గానీ కట్టలేదు.

మిల్లు ఆగినప్పుడు మాకు నోటీసు రాలేదు. వ్యాను రాలేదు. అడిగితే మేస్త్రీ "కబురు చేస్తాం" అన్నాడు. మీ పథకం వస్తే నేను ఏ అర్జీ పెట్టాలి? నన్ను ఎవరూ తీసెయ్యలేదు, ఎందుకంటే కాగితాల్లో నేను అక్కడ లేనే లేను.

యార్డు గుమాస్తా:

నేననేదీ అదేనమ్మా. ఏ పథకం పెట్టినా కాగితం ఉన్నవాడికే.

పటమట ప్లీడరు:

అలాగని పథకమే వద్దంటే ఎలా? యూరోపియన్ యూనియన్ కూడా ఇలాంటి నిధి 2007 నుంచి నడుపుతోంది, మొదట ప్రపంచీకరణ వల్ల పని పోయినవాళ్లకే. 2021 నుంచి కారణం ఏదైనా సరే అన్నారు, 500 మంది పరిమితిని 200కు దించారు. నేను కోరేదీ అదే. ఎందుకు పోయిందని కాదు, పోయిందా లేదా అని చూడాలి. డబ్బులు ఈఎస్ఐ ద్వారానే ఇవ్వాలి, 90 రోజుల్ని ఏడాది చెయ్యాలి. కాంట్రాక్టరు చందా ఎగ్గొడితే మిల్లు దగ్గర వసూలు చెయ్యాలి.

నైట్ షిఫ్ట్ గారూ, ముందు ఆ మూడు పీఎఫ్ నంబర్లు ఒకటి చేయించండి. పాస్‌బుక్కుల్లో మూడింటికీ మధ్య గ్యాప్ లేకపోతే ఎనిమిదేళ్లూ ఒకే మిల్లులో చేశారనడానికి అదే మొదటి ఆధారం. వ్యానులో మీతో వచ్చినవాళ్లలో ఇంకో నలుగురి పాస్‌బుక్కులు కూడా తీసుకుని లేబర్ ఆఫీసులో కలిసి అర్జీ ఇవ్వండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని బాధ్యత ఉంటుంది. గ్రాట్యుటీ కూడా అడగండి.

బ్రాడీపేట నాలుగో లైను:

కారణం అడగొద్దంటే ప్రభుత్వం తప్పించుకుంటుంది ప్లీడరు గారూ. ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లకు దాని ఖరీదు కనబడాలి. మామూలు సాయంలో కలిపేస్తే రేపు ఏ దేశంతో ఏ ఒప్పందం కుదుర్చుకున్నా ఎంతమంది రోడ్డున పడ్డారో లెక్కే ఉండదు.

పటమట ప్లీడరు:

లెక్క రాయండి, వద్దనలేదు. డబ్బు ఇవ్వడానికి ఆ లెక్కతో ముడిపెట్టొద్దు.

నైట్ షిఫ్ట్:

థాంక్సండీ. నలుగురిలో ఇద్దరి ఫోన్ నంబర్లున్నాయి, ఒకావిడ తిరుప్పూరు వెళ్లిపోయింది. నేనిప్పుడు బట్టల షాపులో చేస్తున్నా, పన్నెండు మందిమి ఉంటాం. ఇక్కడా ఈఎస్ఐ లేదు. అడగొచ్చా?

పటమట ప్లీడరు:

పదిమంది ఉంటే కట్టాల్సిందే, మీ జీతం నెలకు 21,000 దాటకపోతే. ఒక్కరే అడగకండి.