చంద్రగిరి రాజమహల్ ఎవరి నివాసం?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. మాది తిరుపతి. మొన్న ఆదివారం మా అమ్మాయిని చంద్రగిరి కోటకు తీసుకువెళ్ళాను. రాజమహల్‌లో విగ్రహాలు, కత్తులు, నాణేలు అన్నీ చూశాక, "రాజుగారు పడుకునే గది ఏది నాన్నా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ మహల్ అసలు ఎవరిది? మ్యూజియంగా ఎందుకు మారింది?

జవాబు 1:
ఆ కోట ఏ ఒక్క వంశానిదీ కాదండీ. 1485లో విజయనగర సింహాసనం ఎక్కకముందు సాళువ నరసింహుడు ఏలింది ఇక్కడినుంచే. 1529లో శ్రీకృష్ణదేవరాయల అనంతరం రాజైన అచ్యుతదేవరాయలు అప్పటిదాకా ఈ కోటలోనే నిర్బంధంలో ఉన్నాడు. అంటే ఒకరికి కొలువైన చోటు మరొకరికి చెర అయింది. విజయనగరం ఓడిపోయిన రాక్షసి తంగడి (తళ్ళికోట) యుద్ధం తరువాత పెనుకొండకు తరలిన ఆరవీటి వారు, అంటే విజయనగరాన్ని చివర ఏలిన వంశం వారు, కొన్నేళ్ళకు ఇక్కడికి వచ్చి దీన్ని రాజధానిగా చేసుకున్నారు. 1646లో కోట గోల్కొండ వశమైంది, ఆపై మైసూరు వారి చేతికీ పోయింది.

జవాబు 2:
ఇన్ని చేతులు మారినా మహల్ నిలబడిందంటే కారణం కట్టుబడే. రాయి, ఇటుక, సున్నం తప్ప కలప వాడలేదు కనుక చెద పట్టలేదు, నిప్పు అంటుకోలేదు. హంపీలో పైకట్టు కలపతో కట్టిన రాజభవనాలకు నేడు రాతి అరుగులే మిగిలాయి. ఈసారి వెళ్ళినప్పుడు సున్నపు పూత రాలిన చోట కమాను అంచును చూడండి, లోపలి ఇటుకల వరుస కనిపిస్తుంది.

జవాబు 3:
మ్యూజియం పురావస్తు శాఖది. మీరు చూసిన విగ్రహాల్లో గండికోట, గుర్రంకొండ, యాగంటి నుంచి తెచ్చినవి ఉన్నాయి. అవి ఆ ఇంటి సామాను కాదు కాబట్టి, వాటిని చూసి ఏది ఏ గదో పోల్చుకోవడం పెద్దలకే కష్టం, పాప తప్పేమీ లేదు. ఇంకొక మాట. మద్రాసును ఇంగ్లీషు వారికి రాసిచ్చింది ఈ దర్బారులోనే అని అక్కడ గట్టిగా చెబుతారు. కానీ 1639లో పత్రం ఇచ్చింది విజయనగర రాజు కాదు, ఆయన సామంతుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. విజయనగర రాజు శ్రీరంగరాయలు తన పత్రం ఇచ్చింది 1645లో. పాపకు కథ చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయకండి.