అప్‌డేట్: రసీదు పీడీఎఫ్ ఇప్పుడు పేజీలోనే తెరుచుకుంటోంది

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ కేంద్రం కోసం నేను రాస్తున్న వెబ్ అప్లికేషన్‌లో, సర్వర్ అప్పటికప్పుడు తయారుచేసే ఫీజు రసీదు ఐఫ్రేమ్‌లో (పేజీ లోపల మరో పత్రాన్ని చూపే చట్రంలో) కనిపించకుండా నేరుగా డౌన్‌లోడ్ అయిపోతోందని ఇదివరకు అడిగాను. ఆ సమస్య తీరింది. దారి చూపినవారందరికీ కృతజ్ఞతలు.

ఫైలును పేజీలో చూపాలా, డౌన్‌లోడ్ చేయాలా అని సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో ‘ఇన్‌లైన్’ ఉండవలసిన చోట ‘అటాచ్‌మెంట్’ ఉండడమే కారణం. దాన్ని మార్చగానే డెస్క్‌టాప్ క్రోమ్‌లో రసీదు పేజీలోనే తెరుచుకుంది. అయితే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది రసీదును ఫోన్‌లోనే చూస్తారు, మేము పరీక్షించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ఐఫ్రేమ్ ఖాళీగానే మిగిలింది. అందువల్ల పీడీఎఫ్‌ను వెబ్‌పేజీలోనే చూపే మొజిల్లా వారి లైబ్రరీ పీడీఎఫ్.జేఎస్‌ను తీసుకుని, ప్రతి పుటనూ కాన్వాస్‌పై (పేజీలో బొమ్మలు గీసే చోటుపై) గీయిస్తున్నాను. మొదట అక్షరాలు మసకగా వచ్చాయి. కాన్వాస్ కొలతలను ఫోన్ పిక్సెల్ నిష్పత్తితో (వెబ్‌పేజీ లెక్కలోని ఒక పిక్సెల్‌కు ఫోన్ తెరపై ఒక్కో దిశలో ఎన్ని పిక్సెళ్లు ఉంటాయో ఆ సంఖ్యతో) గుణించాక స్పష్టమయ్యాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది తెలుగు పేర్ల రూపం. మేము వాడిన పీడీఎఫ్ లైబ్రరీ యూనికోడ్ సంకేతాలను వరుసగా పేర్చడమే తప్ప అక్షరాలను కూర్చదు కనుక, ‘లక్ష్మి’ వంటి పేర్లలో వత్తులు విడిపోయి పొల్లులు బయటపడ్డాయి. తెలుగు అక్షరాలున్న నోటో ఫాంట్‌ను పీడీఎఫ్‌లో పొదిగినా ఫలితం లేకపోయింది. చివరకు రసీదును హెచ్‌టీఎంఎల్‌గా రాసి, తెర లేకుండా నడిచే క్రోమియం బ్రౌజర్‌తో పీడీఎఫ్‌గా మార్చాను. క్రోమియం వాడే హార్ఫ్‌బజ్ లైబ్రరీ అక్షరాలను సరిగా కూర్చుతుంది కాబట్టి వత్తులన్నీ తమ చోట నిలిచాయి. ఒక విద్యార్థి పేరు తప్పుగా అచ్చయిన రసీదును వాళ్ల అమ్మగారి చేతికి ఇవ్వడం నాకు సమ్మతం కాదు, అందుకే ఈ మార్పుకు పట్టిన అదనపు సమయాన్ని నేను నష్టంగా భావించడం లేదు.