ఎర్ర తూనీగ రెక్కలు ఫోటోలో మసకగా వస్తున్నాయి, ఏం చేయాలి?

మాది రాజమండ్రి. పెరట్లో తామర తొట్టి పెట్టాక ఈ వేసవిలో ఒక ఎర్ర తూనీగ రోజూ వస్తోంది. అదిలిస్తే ఎగిరిపోయి, నిమిషంలో మళ్ళీ అదే ఎండు పుల్ల మీద వాలుతుంది. (చిన్నప్పుడు వీటి తోకకు దారం కట్టి ఎగరేసినవాణ్ణే, ఇప్పుడు గంటల తరబడి కాపలా!) మిట్టమధ్యాహ్నం తోకను నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి, శీర్షాసనం వేసినట్టు ఉంటుంది. ఒంటి మీద ఎండ తక్కువ పడటానికట. ఆ భంగిమే నాకు కావాలి. 55-250 ఎంఎం జూమ్ లెన్స్‌తో, ఎఫ్8 అపెర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), 1/1000 సెకను షట్టర్ స్పీడ్‌లో తీస్తున్నా. కళ్ళు బాగానే వస్తున్నాయి, రెక్కల ఈనెలే మసక. పక్కనుంచి తీయాలా, పైనుంచా? ఫ్లాష్‌కి బెదురుతుందా? ఇంకోటి, అదే సైజులో పసుపుపచ్చది కూడా వస్తోంది. అది దీని ఆడదా, వేరే జాతా?