బొనానే, బొన్సాంతే... ఆ తర్వాత ముక్క ఏంటి?

గోదావరిగట్టు: మా తాతమ్మది యానాం. జనవరి 1న పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి ఫ్రెంచిలో "బొనానే, బొన్సాంతే" అని, ఆ ఊపులోనే ఇంకో ముక్క అనేదట. అది "దీ"తో ముగిసేదని మాత్రం అమ్మకి గుర్తు. కొత్త సంవత్సరం బాగుండాలి, ఆరోగ్యం బాగుండాలి, ఇంతవరకూ సరే. మూడోది ఏమై ఉంటుంది?

పాతపుస్తకం: "పారదీ"నేనండి, అనుమానం లేదు. ఫ్రాన్స్ పల్లెల్లోనూ, కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్‌లోనూ పాతవాళ్లు అనే పూర్తి మాట "బొనానే, బొన్ సాంతే, ఎ ల పారదీ ఆ ల ఫ్యాఁ ద వో జూర్". చివర్న, మీ రోజులు నిండాక స్వర్గం దక్కాలి అని. పారదీ రాతలో చివర సకారం ఉంటుంది, పలకరు.

అరసున్న: ఒప్పుకోను. పండగ పూట పసిపిల్లలతో "రోజులు నిండాక" అని ఏ తాతమ్మ అంటుందండీ? మనది "శతమానం భవతి" అని దీవించే నోరు. అది "మెజామీ" అయి ఉంటుంది, నా మిత్రులారా అని. "మీ" కాస్తా "దీ"గా వినబడింది. అన్నట్టు ఆ "సాంతే" రాత ముందు సరిచెయ్యండి. అక్కడ నకారమే లేదు, అచ్చు ముక్కులోంచి వస్తుంది. వాఁడు, మూఁడు అని రాసుకున్న జాతికి గుర్తు వెతుక్కోవాలా? "సాఁతే"!

పాతపుస్తకం: మనవల్ని పట్టుకుని "నా మిత్రులారా" అంటుందా తాతమ్మ?

కోరింగతీరం: అరసున్న గారూ, ఆ గుర్తు చూసి ముక్కుతో పలికేవాళ్లు ఇప్పుడెవరున్నారు? వాఁడు అని రాసినా వాడు అనే చదువుతారు. మీ "సాఁతే" రేపు "సాతే" అయి కూర్చుంటుంది. సున్నాయే నయం. పైగా "బొనానే"లో నకారం నిజంగానే పలుకుతుంది, ఎందుకంటే అది స్త్రీలింగపు "బొన్". నమస్కారం అనే "బొఁజూర్"లో అది పుంలింగం, పలకదు. ఈ తేడా మీ గుర్తుతోనే చూపించొచ్చు కదా, అది వదిలేశారే!

అరసున్న: వదల్లేదు, దానికే వస్తున్నా. "బొఁజూర్"లో జకారం మాటేంటి? ౙ రాద్దామా?

కోరింగతీరం: వద్దు. ౙ అంటే నాలుక పళ్ల వెనక తగిలి ఆగాలి. ఫ్రెంచి జకారంలో నాలుక ఎక్కడా తగలదు, గాలి రాసుకుంటూ పోతుంది. మనకి ఆ అక్షరం లేదు, అంతే.

పాతపుస్తకం: యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఊరండి, వాళ్లు కట్టిన చర్చి ఇప్పటికీ ఉంది. స్వర్గం మాట అటునుంచే ఇళ్లల్లోకి వచ్చిందని నా నమ్మకం. ఆ నేల నోటికి ఏ పలుకైనా ఇట్టే పడుతుంది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు పెరిగింది అక్కడే కదా, అవధానంలో ఆ ధారాళత ఊరికే వచ్చిందా?

అరసున్న: పుట్టింది కడియంలో, 1870లో. ధారాళత కడియానిది.

కోరింగతీరం: అలాగైతే దివాకర్ల తిరుపతిశాస్త్రి గారి ధారణ ఏ ఊరిదంటారు? జంటకవుల్లో ఒక్కరినే లెక్కేస్తే ఎలా?

గోదావరిగట్టు: అమ్మని మళ్లీ అడిగానండి. "దీ"కి ముందు "రా" ఉందో "మా" ఉందో తేలట్లేదు, దీర్ఘం మాత్రం ఖాయమంటోంది.

అరసున్న: "మా" అంటే "జామీ"కి దగ్గరేగా!

పాతపుస్తకం: "రా" అంటే నాదే.