జావా తోలుబొమ్మలవాళ్ళని గుంటూరు పిలవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

అరండల్‌పేట మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి ఉద్యోగం జకార్తాలో. పోయిన వేసవిలో వెళ్తే నన్ను జోగ్యకార్తా తీసుకెళ్ళింది. అక్కడి సోనోబుదోయో మ్యూజియంలో రాత్రిపూట తోలుబొమ్మలాట ఆడతారు. వాయాంగ్ కులిత్ అంటారు, కులిత్ అంటే తోలే. ఆ రాత్రి రామాయణం. నాకు వాళ్ళ భాష ఒక్క ముక్క రాదు. అయినా తెర మీదికి హనుమంతుడు రాగానే పక్కనున్న మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను.

చిన్నప్పుడు మా ఊళ్ళో శివరాత్రి జాగరణకి ఆముదం దీపాల వెలుగులో చూసిన ఆటే కళ్ళ ముందుకొచ్చింది. మనకి జుట్టుపోలిగాడు, బంగారక్క ఉన్నట్టే వాళ్ళకి సెమార్, అతని ముగ్గురు కొడుకులు గారెంగ్, పెత్రుక్, బాగోంగ్ ఉన్నారు. కథ ఆపి ఊరి సంగతులు మాట్లాడి నవ్విస్తారు. తేడా ఏమిటంటే అక్కడ బొమ్మలన్నీ ఆడించేది, అన్ని గొంతులూ పలికేది ఒక్కడే. ఆయన్ని దలాంగ్ అంటారు.

ఆట అయ్యాక ఆ దలాంగ్‌కి నా ఫోన్లో మన సీత బొమ్మ ఫొటో చూపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసి, మా అమ్మాయి ద్వారా ఒకటే అడిగాడు: ‘ఈ రంగులు తెర మీద కూడా పడతాయా?’ వాళ్ళ బొమ్మకి ఎంత బంగారు పూత ఉన్నా నీడ నల్లగానే పడుతుంది. పడతాయని చెప్తే, నేనొచ్చి చూడాలి అన్నాడు. తనూ, ఇంకో ఇద్దరూ. టిక్కెట్లు వాళ్ళే పెట్టుకుంటామన్నారు.

మాది పదకొండుమంది సభ్యులున్న చిన్న నాటక సమాజం. వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ఒక సాయంత్రం రెండు దేశాల ఆటా పెడదామనుకుంటున్నాం. దీన్ని ఏటేటా సాగే సంబంధంగా మార్చాలని నా ఆశ. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నరసరావుపేట వైపు బొమ్మలాట కుర్రాడు:

మాస్టారూ, మాది ఆడే కుటుంబమే. ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు. మీ పోస్టు మా నాన్నకి చదివి వినిపించాను.

కొన్నేళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళు మా నాన్ననీ, పెదనాన్ననీ పరదేశం తీసుకెళ్ళారు. పదిరోజులు, రోజుకో ఊరు, ఊరికి ఇరవై నిమిషాలు. రాత్రంతా ఆడే కథలో లంకాదహనం ఒక్కటే ఆడమన్నారు. అక్కడా బొమ్మలు చేసేవాళ్ళున్నారట, ఒక్కరిని కూడా కలవనివ్వలేదు. శాలువాతో తిరిగొచ్చారు. అందుకని దయచేసి ఒక్క సాయంత్రం ఆలోచన మానుకోండి. ఆ దలాంగ్‌ని మా పాకలో పదిరోజులు కూర్చోబెట్టండి. మేకతోలు నానబెట్టి, బొచ్చు తీసి, వెలుగు ఆ పక్కకి దిగేంత పల్చగా గీకి, రెండు వైపులా రంగు వెయ్యడం కళ్ళారా చూస్తే ఆయన అడిగినదానికి జవాబు దొరుకుతుంది. వాళ్ళది గేదెతోలు, మందం. దానికి అంత సన్నటి జల్లెడపని ఎలా చెక్కుతారో మాకూ చూడాలనుంది. మా నాన్న అడగమన్నది అదే, ఆయన ఉలులు తెస్తాడా అని.

ఇంకో మాట. తర్వాత మమ్మల్ని అక్కడికి పిలిస్తే పాత బొమ్మలు తెమ్మని అడక్కండి. మా తాతల కాలంలో దేవుళ్ళ బొమ్మలు జింకతోలుతో చేసేవాళ్ళు. అవి దేశం దాటిస్తే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

గవర్నర్‌పేట ఆడిటర్:

మాస్టారు గారూ, విజయవాడ నుంచి రాస్తున్నాను. నాలుగైదు కళాసంస్థల లెక్కలు చూస్తాను. ఆ అబ్బాయి చెప్పినదానికి తోడుగా, నూరేళ్ళు దాటిన బొమ్మ ఏ తోలుదైనా 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికొస్తుంది. అంత పాతది కాదనిపించే బొమ్మకి కూడా పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర ముందే కాగితం తీసుకోండి, లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. కొత్త బొమ్మలు చేయించి తీసుకెళ్ళడం అన్నిటికన్నా సుఖం.

డబ్బు సంగతి జాగ్రత్త. వాళ్ళ టిక్కెట్లు వాళ్ళు కొనుక్కుంటే మీకు ఏ గొడవా లేదు. కానీ అక్కడి సంస్థ ఏదైనా మీ సమాజం ఖాతాకి చందాగా పదివేలు పంపినా, విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు. అనుమతి వచ్చినా 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఉత్సాహంలో ఎవరి సొంత ఖాతాలోనో వేయించుకుని ఇబ్బంది పడినవాళ్ళని చూశాను. మొదటి ఏడాది ఎవరి ఖర్చు వాళ్ళదే అని కాగితం మీద రాసుకోండి. ఫొటోలు, వీడియోలు ఎవరివో కూడా అందులోనే రాయండి.

కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంబంధాల మండలి ఐసీసీఆర్‌కి జకార్తాలో జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో సాంస్కృతిక కేంద్రం ఉంది. మీ అమ్మాయి గారిని ఒకసారి అక్కడికి వెళ్ళి మాట్లాడమనండి.

కూచిపూడి అమ్మాయి:

మాస్టారూ, నేను దర్మసిస్వ స్కాలర్‌షిప్ మీద జావాలో సొలో అనే ఊళ్ళోని కళల ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది ఉన్నాను. ఇండోనేషియా ప్రభుత్వం 1974 నుంచి విదేశీయులకి ఇస్తున్నది. బొమ్మలాట నేర్చుకునేవాళ్ళూ వెళ్ళొచ్చు. ఆ నరసరావుపేట తమ్ముడు తప్పకుండా అప్లై చెయ్యాలి.

గమేలాన్ మేళం మొత్తం అడగొద్దు, అవి కంచు గంటలు, మొయ్యలేరు. గెందేర్ అనే ఒక్క వాయిద్యం తెమ్మనండి, మన హార్మోనియం, మద్దెల తోడిస్తే చాలు. దలాంగ్ కూర్చుని ఆడతాడు, బొమ్మలు గుచ్చడానికి ఎదురుగా అరటి బోదె కావాలి. అది మన దగ్గర కొదవా! మనవాళ్ళు నిలబడి ఆడతారు, బొమ్మని ఈతముళ్ళతో తెరకే గుచ్చుతారు. కాబట్టి ఒకే తెర కుదరదు, రెండు కట్టండి. దలాంగ్ తన బొమ్మల పెట్టెని కొయ్యసుత్తితో కొడుతూ తాళం వేస్తుంటే, మనవాళ్ళు కాళ్ళ కింద చెక్కలు తొక్కుతారు. ఆ రెండు చప్పుళ్ళూ కలిసి వినాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

కథ ముందే మాట్లాడుకోండి. జావా ఆటలో ద్రౌపది ధర్మరాజు ఒక్కడికే భార్య. శిఖండి అక్కడ ఆడది, అర్జునుడి పెళ్ళాం. అది తప్పని మనం దిద్దబోతే సంబంధం అక్కడితో సరి.

అరండల్‌పేట మాస్టారు:

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. హాలు బుకింగ్ ఆపేశాను. బాబూ, ముందు అడగవలసింది మీ నాన్నగారిని, నేను ఆ పని చెయ్యలేదు. ఈ ఆదివారం పొద్దున మీ ఇంటికి వస్తాను. పదిరోజులకి మీకు పోయే కూలి ఎంతో ఆయన్నే చెప్పమను, మా పదకొండుమందీ వేసుకుంటాం.

కోటప్పకొండ తిరునాళ్ళకి వాళ్ళని రప్పిద్దామా అని మా కార్యదర్శి అడిగాడు. ప్రభల మైకుల్లో గెందేర్ ఎవరికి వినపడుతుంది? తిరునాళ్ళు అయిపోయిన నాలుగో రోజు నుంచి అనుకుంటున్నాను, మీ నాన్నగారికి వీలైతేనే.

ఉలుల సంగతి మా అమ్మాయికి రాత్రే మెసేజ్ పెట్టాను. ఆ దలాంగ్ జవాబు ఇందాకే వచ్చింది. తన ఉలులన్నీ తెస్తాడట, ఒక గేదెతోలు ముక్క సగం చెక్కి తెస్తాడట. మిగతా సగం మీ నాన్నగారిని చెక్కమన్నాడు.