అప్‌డేట్: మా వీధి మున్సిపల్ బడికి వెళ్లి చూశాను

విజయవాడలో మా వీధి చివరి మున్సిపల్ ప్రైమరీ స్కూల్లో పాపను ఒకటో తరగతిలో చేర్చాలా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లాను. పిల్లలు 46 మంది, టీచర్లు ఇద్దరు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు చాలు, లెక్క సరిపోయింది. కానీ తరగతులు ఐదు! బోర్డు మధ్యలో గీత గీసి, అటు ఒకటో తరగతికి అక్షరాలు, ఇటు రెండుకు కూడికలు. ఒకరు ట్రైనింగ్‌కి వెళ్తే మిగిలినావిడే అందరికీ. నా టెన్షన్ అదే. బాత్రూమ్ తలుపుకి గొళ్లెం లేదు, హెచ్‌ఎం గారు దాచలేదు. మూడో తరగతి పిల్లాడిని పాఠం చదవమంటే గడగడా చదివేశాడు. ప్రైవేటులో నాలుగు చదివే మా అక్క కొడుకు తెలుగు ఇంకా కూడబలుక్కుంటాడు మరి. సోమవారం చేరుస్తున్నాం. గొళ్లెం నేనే కొనుక్కెళ్తా.